పాత ఫ్రేము, కొత్త గేరు

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య కుదిరిన ఒడంబడికను అనుసరించి దుర్గ్ పట్టణ సమీపమున భిలాయి ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4న అందలి మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదు ప్రారంభించిరి. పది లక్షల టన్నుల ఉక్కుకు ఉద్దేశింపబడిన ఆ కర్మాగారము పిమ్మట ఇరువదియైదు లక్షలకును, నలుబది లక్షలకును పెరిగెను. వరి మళ్ళ నడుమ సెక్టార్ల పేర నూతన నగరమొకటి లేచి, దేశము నలుమూలల నుండి జనము వచ్చి చేరెను. 1931లో పూర్తియైన విజయనగరము–రాయపూరు రైలు మార్గము ఉత్తరాంధ్ర జనులకు ఛత్తీస్‌గఢ్ మైదానమును అప్పటికే సమీపము చేసియుండెను. అందుచేత భిలాయి తొలి తరము కార్మికులలో తెలుగువారికి చెప్పుకోదగిన స్థానము లభించినది.

ఈ చరిత్రను వ్రాయువారు ఫర్నేసులను గూర్చి వ్రాయుదురు, రైలు పట్టాలను గూర్చి వ్రాయుదురు. ఆ ఫర్నేసుల వద్దకు మనుష్యులను చేర్చిన వాహనమును గూర్చి వ్రాయువారు అరుదు. స్కూటరు సామాన్యుని అందుబాటులోనికి రాకపూర్వము తక్కిన కార్ఖానా పట్టణములందు వలెనే ఇచ్చటను కార్మికుని వాహనము సైకిలే. పగలు రాత్రి భేదము లేక మూడు షిఫ్టులు నడచు చోట, క్వార్టరునుండి గేటు వరకును సమయమునకు చేరుట జీతముతో ముడిపడిన విషయము. నేల చదునుగా ఉండుటయు సైకిలుకు అనుకూలించెను.

ఒక విచిత్రమును ఇచ్చట గమనింపవలెను. భిలాయి ప్రధానముగా రైలు పట్టాలకును, నిర్మాణ దూలములకును, దళసరి పలకలకును పేరు గన్నది. సైకిలు గొట్టమునకు కావలసినది సన్నని ఉక్కు పట్టీ. ఆ గొట్టములు మదరాసు సమీపమున ఆవడిలో 1955లో స్థాపింపబడిన ట్యూబ్ ప్రాడక్ట్స్ వంటి కర్మాగారములలో తయారగుచుండెను. అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ 1949లోను, సోనీపత్‌లో అట్లాస్ 1951లోను, లుధియానాలో హీరో 1956లోను ఆరంభమైనవి. అసన్‌సోల్‌లో సేన్–రాలీ వారి కర్మాగారము ఉండెడిది. అనగా ఉక్కు నగరమునందలి కార్మికుడు తన ఊరి ఉక్కుతో కాక, పరాయి ఊరి ఉక్కుపై కూర్చుండి పనికి పోయెడివాడు!

ఆ సైకిలు స్వరూపము అందరు నెరిగినదే. ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు, కడ్డీ బ్రేకులు, కాటరు పిన్నుతో బిగించిన పెడలు కడ్డీ, వెనుక క్యారియరు. 1885లో ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీ నిర్మించిన ‘రోవర్’ సైకిలునందు ఇంచుమించు సమాన చక్రములు, వెనుక చక్రమునకు చైను అను పద్ధతి స్థిరపడెను. 1888లో డన్‌లప్ గాలి టైరు తోడైనది. ఆ తరువాత మన దేశపు సైకిలు మూల స్వరూపమునందు వచ్చిన మార్పు అత్యల్పము. కొత్తదనము లేదని కొందరు దీనిని నిందింతురు. కాని ఆ మార్పులేమి వలన కలిగిన మేలొకటి గలదు. ఏ ఊరి దుకాణమునందైనను ఏ సైకిలుకైనను సరిపడు కోన్లు, బాల్సు, ఫ్రీవీలు, చువ్వలు దొరకెడివి. ఏడాది కొకమారు ఓవర్‌హాలింగు చేయించి, అరిగిన భాగములను తీసి కొత్తవి వేయించుటయే గృహస్థుని పద్ధతి. రిమ్ము మారును, చైను మారును, సీటు మారును; ఫ్రేము మాత్రము తండ్రినుండి కుమారునికి వచ్చును. పాత సైకిలును కొత్త భాగములతో తిరిగి నిలబెట్టుట మనవారికి ఒక విద్యగా తోచలేదు. అది నిత్య వ్యవహారము.

నేడు పాశ్చాత్య దేశములలో ఇదే పని ఒక శ్రద్ధాసక్తులు గల వ్యాసంగముగా మారినది. అందు మిక్కిలి ఆదరము పొందునది ‘మౌంటెన్ బైకు’, అనగా కొండ సైకిలు. మన బజారులో దీనిని ఎం.టి.బి. అనియు, గేరు సైకిలు అనియు పిలుతురు. 1980–90 దశకములలో తయారైన ఉక్కు ఫ్రేములను వెదకి సంపాదించి, వానికి నేటి గేర్లు, నేటి బ్రేకులు అమర్చుచున్నారు. అది అపచారమని వాదించు వర్గమొకటి గలదు. పాత బండికి పాత భాగములే ఉండవలెననియు, కొత్త గేరు తగిలించిన క్షణమున అది తన జాతిని కోల్పోవుననియు వారి వాదము. ఈ వాదమును పరీక్షించుటకు కొండ సైకిలు పుట్టుక నొకసారి చూడవలెను.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరమున మారిన్ అను ప్రాంతము గలదు. 1970 దశకమున అచ్చటి యువకులు కొందరు కొండ దారులలో దిగుటకై పాత సామానుల దుకాణములలో పడియున్న సైకిళ్ళను కొనసాగిరి. అవి రెండవ ప్రపంచ యుద్ధమునకు పూర్వము ష్విన్ కంపెనీ చేసిన ‘ఎక్సెల్సియర్’ మొదలగు బరువైన ఉక్కు ఫ్రేములు. 1933లో ఆ కంపెనీ ప్రవేశపెట్టిన లావుపాటి టైర్లు వాని ప్రత్యేకత. ఈ సైకిళ్ళకు ఆ యువకులు పెట్టుకొన్న పేరు ‘క్లంకర్లు’. మన భాషలో ‘డొక్కు సైకిళ్ళు’ అనిన అర్థము చక్కగా సరిపోవును.

ఆ డొక్కు సైకిళ్ళకు మొదట ఒకే ఒక బ్రేకు ఉండెడిది. పెడలును వెనుకకు త్రొక్కిన వెనుక హబ్బులోనే పట్టునట్టిది. ఫెయిర్‌ఫాక్స్ పట్టణమునకు సమీపమున గల ఒక కొండ దారి సుమారు రెండు మైళ్ళలో 1,300 అడుగులు దిగును. అందులో ఒకసారి దిగునప్పటికి హబ్బులోని గ్రీజు కాలి పొగగా పోయెడిది. తిరిగి గ్రీజు కూర్చిన గాని రెండవసారి దిగుటకు వీలులేదు. గ్రీజును తిరిగి కూర్చు పనిని ఆంగ్లమున ‘రీప్యాక్’ అందురు; ఆ దారికి అదే పేరు స్థిరపడెను. 1976 అక్టోబరు 21న అచ్చట మొదటి పందెము జరిగినది.

దిగుట సులభము, ఎక్కుటయే కష్టము. ఇరువది కిలోలకు అటునిటు బరువు గల సైకిలును కొండపైకి త్రోసుకొని పోవలసి వచ్చెడిది. అందుకై గ్యారీ ఫిషర్ మొదలైనవారు ఆ పాత ఫ్రేములకు కొత్త భాగములు కూర్చిరి. రోడ్డు పందెపు సైకిళ్ళ నుండి గేర్లు, ఇద్దరు త్రొక్కు సైకిళ్ళ నుండి డ్రమ్ము బ్రేకులు, మోటారు సైకిళ్ళ నుండి బ్రేకు పిడులు, దూర ప్రయాణపు సైకిళ్ళ నుండి మూడు పళ్ళచక్రముల పెడలు సెట్టు వచ్చినవి. ఏ భాగమును ఆ ఫ్రేముకై పుట్టినది కాదు. ముప్పదియైదు, నలుబది యేండ్ల వెనుకటి ఫ్రేముకు తమ నాటి భాగములను తగిలించి వారొక కొత్త జాతిని సృష్టించిరి. పిదప 1977లో జో బ్రీజ్ ఈ పనికే ప్రత్యేకముగా క్రోమియము, మాలిబ్డినము కలిసిన ఉక్కు గొట్టములతో కొత్త ఫ్రేములను కట్టెను. 1979లో ఫిషరు, చార్లీ కెల్లీలు టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ‘మౌంటెన్ బైక్స్’ అను వ్యాపారము నారంభించిరి. ఆ పేరే జాతికంతకు పేరైనది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ వారి ‘స్టంప్‌జంపర్’ పెద్ద యెత్తున బజారునకు వచ్చినది. 1996లో అట్లాంటా ఒలింపిక్సునందు కొండ సైకిలు పందెము చేర్చబడెను.

కావున కొండ సైకిలు విషయమున ‘అసలు రూపము’ అని పట్టుపట్టువారు ఏ రూపమును అసలనవలెనో చెప్పవలసి యుండును. పుట్టుకయే పునర్నిర్మాణమైన వస్తువునకు పునర్నిర్మాణము కళంకమెట్లగును? అయినను వారి వాదమునందు సత్యము బొత్తిగా లేదనరాదు. ఏదో ఒక తయారీలో చివరగా మిగిలిన ఏకైక సైకిలు, భాగములన్నియు చెదరక ఉన్నది, దొరకినచో దానిని విప్పుట తప్పే. దాని చోటు ప్రదర్శనశాల. వేల సంఖ్యలో తయారై, సగము భాగములు పోగొట్టుకొని, వరండా మూలను పడియున్న ఫ్రేము సంగతి వేరు. దానికి ఉన్న మార్గములు రెండే: తిరిగి రోడ్డెక్కుట, లేక పాత ఇనుము కింద తూకమునకు పోవుట.

మన దేశమునకు కొండ సైకిలు ఆకారము గత శతాబ్ది చివరి దశకములలో వచ్చినది. హీరో రేంజరు, హెర్క్యులీస్ ఎం.టి.బి. అను పేర్లు నాటి పిల్లలకు సుపరిచితములు. చదునైన హ్యాండిలు, ముళ్ళ టైర్లు, ఇరువదియారు అంగుళముల చక్రములు వాని లక్షణములు. వీనిలో పెక్కింటికి గేర్లు లేవు, ఉక్కు సామాన్యమైనది, బరువు అధికము. నిజము చెప్పవలెనన్న, ఎక్కుటకు కొండలే లేని భిలాయి వంటి మైదాన పట్టణములందు వానిని కొన్నది కొండలకై కాదు, సోకునకై. డల్లీ–రాజహరా ఇనుప గనుల కొండలకు పోవలెనన్నను దక్షిణముగా చాల దూరము ప్రయాణము చేయవలెను.

ఇక పునర్నిర్మాణమునందలి సాధక బాధకములు. ఇందు ముఖ్యమైనది కొలతల సంగతి. వెనుక ఫోర్కు రెండు కొనల నడుమ దూరమును తీసికొందము. ఐదు గేర్ల కాలమున అది 120 మిల్లీమీటర్లు. పిదప 126, 130 అయి, 1990 ప్రాంతమునకు కొండ సైకిళ్ళలో 135 వద్ద స్థిరపడెను. ఈ 135 కొలత గల పాత ఫ్రేము దొరకినచో నేటికిని దానికి సరిపడు హబ్బులు లభించును. 130 గలది దొరకినను నిరాశపడ పనిలేదు. ఫ్రేము ఉక్కుదైనచో ప్రక్కకు రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున వెడల్పు చేయవచ్చును. వేడి చేయకయే, మెల్లగా వంచి, ముందు గొట్టమునుండి వెనుక కొనలవరకు దారము కట్టి రెండు ప్రక్కల దూరము సమానముగా నున్నదో లేదో చూచుకొనవలెను. ఇది చూచుటకు మొరటు పని. చేయుటకు సున్నితపు పని. అల్యూమినియము ఫ్రేముకు ఇట్టి పని చేయరాదు, అది చిట్లును. ఉక్కు వంగును, నిలుచును. విరిగినను మంచి పనివాడు దానిని అతుకగలడు. పైగా ఒక పరిమితికి లోబడిన ఒత్తిడిని ఉక్కు ఎన్నిసార్లయినను ఓర్చుకొనును. అల్యూమినియమునకు అట్టి స్పష్టమైన పరిమితి లేదు, ప్రతి కుదుపును దాని ఆయువులో కొంత తీసికొనును. ముప్పది నలుబది యేండ్ల ఫ్రేముపై నేడు నమ్మకముతో కూర్చుండగలుగుట ఈ గుణము వలననే.

చక్రముల సంగతి మరియొకటి. పాత కొండ సైకిలు రిమ్ము వ్యాసము 559 మిల్లీమీటర్లు. ష్విన్ వారి లావు టైరు నుండి వచ్చిన కొలత యిది. నేడు 584, 622 కొలతలు వాడుకలోనికి వచ్చి, 559కి మేలైన టైర్లు తగ్గిపోవుచున్నవి. 584 రిమ్ము వేసినచో బ్రేకు రబ్బర్లు పన్నెండున్నర మిల్లీమీటర్లు పైకి జరుగవలెను. పాత బ్రేకులలో అంత సందు ఉండుట అరుదు. చక్రము మార్చక, 1996లో షిమానో కంపెనీ ప్రవేశపెట్టిన ‘వి–బ్రేకు’లను పాత మేకులకే తగిలించుట ఉత్తమ మార్గము. ఖర్చు తక్కువ, ఫలము అధికము. డిస్కు బ్రేకుల మోజున కొందరు సన్నని వెనుక గొట్టమునకు కొత్త పలకను వెల్డింగు చేయింతురు. ఆ గొట్టము ఆ బలమునకు ఉద్దేశింపబడినది కాదు. ముందు ఫోర్కు అసలే కాదు. ఇట్లే కుదుపు నాపు స్ప్రింగుల ఫోర్కును తగిలించినచో ముందు భాగము లేచి, హ్యాండిలు వాలు మారి, సైకిలు నడక చెడును. ముందు భాగము రెండు సెంటీమీటర్లు లేచిన వాలు సుమారు ఒక డిగ్రీ మారును. కొత్త భాగమును ఎన్నుకొనుటలో ఫ్రేము మాటయే చెల్లవలెను గాని, బజారు మాట కాదు.

గేర్ల విషయమున కొత్తదనము నిశ్చయముగా మేలు చేసినది. ముందు మూడు పళ్ళచక్రములు, వాని నడుమ చైనును తోయు యంత్రము, దానికొక తీగ, ఒక పిడి: ఇదంతయు పాత పద్ధతి. 2012లో శ్రామ్ కంపెనీ ముందు ఒకే పళ్ళచక్రముతో, వెనుక పదునొకండు పళ్ళచక్రములతో కొత్త పద్ధతిని తెచ్చెను. ముందు చక్రపు పళ్ళు ఒకటి వెడల్పు, ఒకటి సన్నము చొప్పున ఉండుటచే చైను జారదు. ఈ పద్ధతిని పాత ఫ్రేముకు అమర్చినచో బరువు తగ్గును, చెడుటకు భాగములు తగ్గును. అయితే గేర్ల సంఖ్య పెరిగినకొలది చైను సన్నమగును, ధర పెరుగును. రోజు పనికి పోవువానికి ఎనిమిది గేర్ల దళసరి చైనే మేలు.

వీనియన్నింటికంటె ఓర్పును పరీక్షించునది మరియొకటి గలదు. అదే సీటు కడ్డీ. అల్యూమినియము కడ్డీ ఉక్కు గొట్టములో ఏండ్ల తరబడి కదలకుండ ఉండి, వాననీరు తగిలినచో రెండు లోహములు ఒకదానినొకటి పట్టుకొనును. మధ్యభారతపు వానకాలములు ఇందుకు చక్కగా తోడ్పడును. సుత్తితో కొట్టిన ఫ్రేము చెడును. నూనె పోసి రోజుల తరబడి వేచియుండుట, మెలిపెట్టి చూచుట, చివరకు కాస్టిక్ సోడాతో అల్యూమినియమును కరగించుట: ఇవి ఉపాయములు. చివరిది చేతులకును కన్నులకును ప్రమాదము గనుక తెలిసినవారే చేయవలెను. ఇన్ని పాట్లు పడి కడ్డీ తీసిన పిమ్మట లోపల త్రుప్పు గొట్టమును తినివేసినట్లు కనబడుటయు కలదు. అందుచేత అనుభవజ్ఞులు పాత ఫ్రేమును కొనునపుడు రంగును చూడరు. సీటు కడ్డీ కదులునో లేదో మొదట చూతురు.

భిలాయివారికి ఈ పని తత్త్వము కొత్తది కాదు. బ్లాస్టు ఫర్నేసు జీవితమే ఇట్టిది. లోపలి ఇటుకల పొర కొన్ని సంవత్సరముల మంటకు అరిగిపోవును. అప్పుడు ఫర్నేసును ఆర్పి, లోపలిదంతయు తీసివేసి, కొత్త ఇటుకలు పేర్చి, నాటి కాలమునకు తగిన యంత్రములు అమర్చి తిరిగి రాజవేతురు. దీనిని అచ్చట ‘క్యాపిటల్ రిపేరు’ అందురు. 1033 ఘనమీటర్ల తొలి ఫర్నేసుల తరము ఇట్టి మరమ్మతులతోనే దశాబ్దములు పనిచేసెను. 4060 ఘనమీటర్ల ఎనిమిదవ ఫర్నేసు 2018లో వచ్చినది. ఇటుకలు మార్చినందున మొదటి ఫర్నేసు మొదటిది కాకపోయెనని ఎవరును వాదింపలేదు.

అయితే ఇదే పట్టణమునందు పాత సైకిలుకు ఫర్నేసుకు దక్కిన గౌరవము దక్కుచున్నదా యన్నది సందేహాస్పదము. ఉద్యోగి పదవీ విరమణ చేసి క్వార్టరును ఖాళీ చేయునపుడు అలమరలు వెంట పోవును. సైకిలు కబాడీవానికి పోవును. తూకము ధర కొద్ది రూపాయలు. ఉక్కును తయారు చేయునపుడు పాత ఇనుమును కూడ కలుపుట పరిపాటి; ఓపెన్ హార్త్ కొలుములు దానిని విశేషముగా స్వీకరించెడివి. ఇట్లు ఒక తరము కార్మికులను గేటు చేర్చిన ఫ్రేములు కరగి ఏ పట్టాలో, ఏ దూలములో చేరినను చేరియుండవచ్చును. వృథా పోలేదని సంతోషింపవచ్చును గాని, దశాబ్దములు పనిచేయగల వస్తువును కరగించి తిరిగి ఉక్కును చేయుటకు ఎంత బొగ్గు కావలెనో ఉక్కు నగరవాసులకు వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి కబాడీవానిని నిందించి ప్రయోజనము లేదు. కొత్త సైకిళ్ళ తయారీదారులు కొన్ని ఏండ్ల కొకమారు కొలతలు మార్చుచున్నారు. వెనుక హబ్బు 135 నుండి 142కును, అటుపై 148కిని పోయినది; హ్యాండిలు గొట్టము క్రిందు వెడల్పుగను మీద సన్నముగను మారినది. నేటి మంచి సైకిలుకు ఇరువది యేండ్ల పిదప భాగములు దొరకునా యన్నది చెప్పజాలము. పూర్వము కూడ ఇట్టి బుద్ధి లేకపోలేదు. ఇంగ్లండునందు పెడలు ఇరుసు గొట్టమునకు అంగుళమునకు 24 మరలు వాడుక కాగా, నాటింగ్‌హామ్‌లోని రాలీ వారు తమ సైకిళ్ళకు చాల కాలము 26 మరలు వేసిరి. తమ భాగములను తమవద్దనే కొనవలెనని కాబోలు! ఆ సైకిళ్ళను నేడు తిరిగి నిలబెట్టువారు మొట్టమొదట తిట్టుకొనునది ఆ రెండు మరలనే.

తక్కినవారి 24 మరలు మాత్రము నిలిచినవి. పెడలు ఇరుసు గొట్టపు లోపలి మర, 1.37 అంగుళముల వ్యాసము, అంగుళమునకు 24 మరలు, చైను వైపున ఎడమ చేతి తిరుగుడు. వ్యాపారమునందు ఎన్ని కొత్త కొలతలు వచ్చినను ఇది పోలేదు. బేరింగులను గొట్టము వెలుపల అమర్చు నేటి పెడలు సెట్టును 1980 దశకపు కొండ సైకిలు ఫ్రేముకు నేరుగా బిగింపవచ్చును. బిగించువాడు జ్ఞాపకముంచుకొనవలసినది ఒకటే: చైను వైపు కప్పును విప్పుటకు కుడివైపునకు త్రిప్పవలెను. ఇది తెలియక ఎడమకు త్రిప్పి, కప్పును మరింత బిగించి, చివరకు మరను చెడగొట్టిన ఫ్రేములు ప్రతి ఊరి దుకాణము వెనుకను రెండో మూడో ఉండును.